డోర్నకల్ బిషప్ అజరయ్య

ఢిల్లీ నుండి విజయవాడ వైపు వెళ్ళే రైళ్ళు వరంగల్ దాటాక, ఖమ్మం చేరకముందు డోర్నకల్ జంక్షన్ మీదుగా వెళ్తాయి. కొత్తగూడెం వైపు లైను చీలేది ఇక్కడే. వేసవి సెలవులకు ఊరికి వెళ్ళే మనలో చాలామందిమి ఈ స్టేషన్ దాటే ఉంటాం. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఈ ఊరి పేరును దేశవిదేశాలకు తెలిపిన వ్యక్తి పుట్టుకతో తెలుగువారు కాదు. ఆయన తమిళ దేశం నుండి వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడి పేదల మధ్య జీవించి, ఇక్కడే కన్నుమూశారు. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆయన జీవితం గురించి తెలుసుకుందాం.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెటూరిలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి చర్చిలో పాదిరి. తల్లి ఎలెన్. చిన్నతనంలోనే తండ్రి చనిపోవడంతో పెంపకం భారమంతా తల్లి మీద పడింది. ఊరి చదువు అయ్యాక అజరయ్య గారు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరారు. లెక్కలంటే ఆయనకు ఇష్టం. అయితే చివరి పరీక్షల సమయంలో జబ్బుపడడంతో డిగ్రీ చేతికి రాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు, 1920లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

1895లో ఆయన వై.ఎం.సి.ఏ. సంస్థలో కార్యదర్శిగా చేరి దక్షిణ భారతంలో ఊరూరా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారితో వివాహమైంది. ఆ రోజుల్లో కళాశాల మెట్లెక్కిన కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు. తర్వాతి కాలంలో భర్త చేసిన పనులన్నిటిలో ఆమెకు భాగం ఉంది.

1902లో అజరయ్య గారు సిలోనులోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సేవకులను వేరే ప్రాంతాలకు పంపడం చూశారు. ఆ దృశ్యం ఆయనను ఆలోచింపజేసింది. మన దేశంలో బడులు, ఆసుపత్రులు, చర్చిలు చాలావరకు విదేశీయుల సొమ్ముతో, విదేశీయుల చేతుల మీదుగా నడుస్తున్నాయి. ఎప్పుడూ చేయి చాచి తీసుకునే విశ్వాసం ఎదిగిన విశ్వాసం కాదని ఆయనకు అనిపించింది. తిరిగి రాగానే 1903లో మిత్రులతో కలిసి తిరునల్వేలిలో ఒక భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. 1905లో శ్రీరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘం ఏర్పడడంలోనూ ఆయన ముఖ్య పాత్ర వహించారు. రెండింటి నియమం ఒక్కటే: మన మనుషులు, మన డబ్బు, మన బాధ్యత.

ఇంతవరకు ఆయన ఇతరులను సేవకు పంపిస్తూ వచ్చారు. కానీ అందరినీ వెళ్ళమని చెబుతూ తాను మాత్రం ఇంట్లో ఉండడం న్యాయమేనా అనే ప్రశ్న ఆయనను వదలలేదు. 1909లో ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చేశారు. అప్పుడది వెనుకబడిన ప్రాంతం. మొదట గుడారంలో కాపురం ఉన్నారు. భాష కొత్త, తిండి కొత్త, మనుషులు కొత్త. మూడు పదులు దాటిన వయసులో కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దుకుని, పల్లె జనంతో వాళ్ళ మాటల్లోనే మాట్లాడే స్థాయికి ఎదిగారు.

అమ్మానాన్నల బదిలీల వల్ల మూడు నాలుగేళ్ళకొకసారి ఊరు మారే మనకు ఈ కష్టం బాగా తెలుసు. అయినా మనకు ఎక్కడికి వెళ్ళినా అదే సిలబస్, అదే యూనిఫాం, అదే ప్రార్థన ఉంటాయి. ఆయనకు అవేవీ లేవు. పైగా ఆయనను ఎవరూ బదిలీ చేయలేదు. తనంతట తానే వచ్చారు.

1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ముప్ఫై అయిదేళ్ళ అజరయ్య గారు ఆ సభలో నిర్భయంగా మాట్లాడారు. విదేశీ మిషనరీలు భారతీయుల కోసం ఎంతో ఇచ్చారని ఒప్పుకుంటూనే, వారు భారతీయ సహోద్యోగులను తమతో సమానంగా చూడడం లేదని వివరించారు. దానధర్మాల కంటే స్నేహం ముఖ్యమని, తమకు కావలసింది స్నేహితులేనని కోరారు. ఆ మాటలు సభలో కొందరికి రుచించలేదు. కానీ ఆ మహాసభ పేరు చెప్పగానే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చేది ఆ ప్రసంగమే.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. భారతీయుడి కింద తెల్లవారు పనిచేయడమేమిటని కొందరు వ్యతిరేకించారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ మాత్రం ఆయన వెంట గట్టిగా నిలబడ్డారు. మన ఢిల్లీలోనూ అటువంటి మార్పు 1906లోనే జరిగింది. సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు సుశీల్ కుమార్ రుద్ర తొలి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యారు. అప్పుడు ఆయనకు అండగా నిలిచినవారు సి.ఎఫ్. ఆండ్రూస్.

బిషప్ అయ్యాక కూడా అజరయ్య గారు పల్లెలను వదలలేదు. ఎడ్లబండి మీద, సైకిల్ మీద ఊళ్ళు తిరిగేవారు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల ప్రజలు. ఊరి బావి దగ్గరకు కూడా రానివ్వని రోజులవి. వారి పిల్లలకు బడులు పెట్టించారు. తాగుడు, అప్పులు, కులభేదాలు మానుకోవాలని బోధించారు. పేదవారు కూడా ఇవ్వగలరని ఆయన నమ్మకం. వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి పక్కన పెట్టే అలవాటును ప్రోత్సహించారు. ఇచ్చే చేయి ఎంత చిన్నదైనా, ఇచ్చిన మనిషి తల ఎత్తుకుని నిలబడతాడని ఆయన గ్రహించారు.

మతమార్పిడి విషయంలో ఆయనకూ గాంధీజీకీ అభిప్రాయ భేదాలు ఉండేవి. అయినా క్రైస్తవులు దేశం నుండి విడిగా ఉండకూడదని ఆయన ఆశయం. అందుకే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని చెప్పారు. డోర్నకల్‌లో కట్టించిన కెథెడ్రల్ కూడా అదే చెబుతుంది. దేవాలయాల్లో కనిపించే తరహా స్తంభాలు, మసీదులను తలపించే గుమ్మటాలు అందులో కలిసి ఉంటాయి. 1939 జనవరి 6న దానిని ప్రతిష్ఠించారు.

వేరువేరు శాఖలుగా ఉన్న సంఘాలు ఒక్కటి కావాలని 1919 నుండి ఆయన కృషి చేశారు. ఆ కల 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘంగా నెరవేరింది. అది చూడడానికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే తుదిశ్వాస విడిచారు.

సేవ అంటే మన దగ్గర మిగిలింది ఇవ్వడమే అని మనం అనుకుంటాం. ఎదుటివారి భాష నేర్చుకోవడం, వారి పక్కన కూర్చోవడం, వారు ఇచ్చేదాన్ని గౌరవంతో తీసుకోవడం కూడా సేవేనని అజరయ్య గారి జీవితం చెబుతుంది. ఏ ఏడాదైనా మన తరగతిలోకి మధ్యలో ఒక కొత్త విద్యార్థి వస్తాడు. అతడికి హిందీ సరిగా రాకపోవచ్చు. మన నోట్సు ఇస్తే మంచిదే. మన బెంచీలో చోటిచ్చి, అతడి భాషలో రెండు మాటలు నేర్చుకుంటే ఇంకా మంచిది.