పి.వి.బెంజమిన్

పెరకత్ వర్గీస్ బెంజమిన్ క్షయవ్యాధి నివారణకు కృషి చేసిన భారతీయ వైద్యుడు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానిటోరియంలో పనిచేసిన ఈయన, అనంతరం భారత ప్రభుత్వ క్షయ సలహాదారుగా బీసీజీ టీకా కార్యక్రమ నిర్వహణలో ముఖ్యపాత్ర వహించాడు. 1955లో పద్మశ్రీ పురస్కారం పొందాడు.

ఆరోగ్యవరంలో

పలు క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం 1915లో ఆరోగ్యవరంలో ప్రారంభమైంది. మదనపల్లె 2022 వరకు చిత్తూరు జిల్లాలో ఉండేది. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ ఈ సంస్థకు మొదటి సూపరింటెండెంటు. బెంజమిన్ ఆయన వద్ద పనిచేసి, తరువాత అదే పదవిని చేపట్టాడు. అప్పటికి క్షయను నయం చేసే మందు లేదు. విశ్రాంతి, మంచి ఆహారం, స్వచ్ఛమైన గాలి, కొందరికి శస్త్రచికిత్స మాత్రమే ఆధారం.

పసిపిల్లలలో క్షయ

క్షయ ఉన్న పెద్దలు దగ్గినపుడు వెలువడే క్రిములు ఇంట్లోని శిశువుకు సోకుతాయి. శిశువులలో రోగనిరోధక శక్తి తక్కువ కావడం వలన అవి రక్తం ద్వారా మెదడు పొరలకు చేరి మెనింజైటిస్ కలిగించవచ్చు. జ్వరం, వాంతులు, మగత, మాడు ఉబ్బడం, మూర్ఛ దీని లక్షణాలు. స్ట్రెప్టోమైసిన్ రాకముందు ఈ వ్యాధి సోకిన పిల్లలు దాదాపు అందరూ మరణించేవారు. నేటికీ చికిత్స ఆలస్యమైతే మరణం గాని, శాశ్వత వైకల్యం గాని సంభవించవచ్చు.

బీసీజీ టీకా

ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ రూపొందించిన బీసీజీ టీకాను 1921లో పారిస్‌లో తొలిసారి ఒక నవజాత శిశువుకు ఇచ్చారు. 1948లో భారతదేశంలో ఈ టీకా మొదలైన తొలి కేంద్రాలలో మదనపల్లె ఒకటి. అదే సంవత్సరం మద్రాసులోని గిండీలో టీకా తయారీ ప్రయోగశాల ఏర్పడింది. 1951లో ఈ కార్యక్రమం దేశవ్యాప్తమైంది.

వివాదం

టీకా ప్రయోజనం నిరూపితం కాలేదని, ఆరోగ్యవంతులైన పిల్లల శరీరంలోకి సజీవ క్రిములను ఎక్కించరాదని 1955లో చక్రవర్తి రాజగోపాలాచారి తీవ్రంగా వ్యతిరేకించాడు. కార్యక్రమాన్ని సమర్థించవలసిన బాధ్యత సలహాదారుగా బెంజమిన్‌పై పడింది. ప్రభుత్వం టీకాలను కొనసాగించింది.

అనంతర పరిణామాలు

1968లో చెంగల్పట్టు ప్రాంతంలో ప్రారంభమైన భారీ పరీక్షలో బీసీజీ పెద్దలకు ఊపిరితిత్తుల క్షయ నుండి రక్షణ ఇవ్వలేదని 1979లో వెల్లడైంది. ఆ మేరకు విమర్శకుల సందేహం నిజమైంది. అయితే శిశువులలో క్షయ మెనింజైటిస్‌ను, శరీరమంతా వ్యాపించే క్షయను ఈ టీకా గణనీయంగా తగ్గిస్తుందని ఇతర అధ్యయనాలు తేల్చాయి. అందువలననే 1978లో మొదలైన జాతీయ టీకాల కార్యక్రమంలో బీసీజీ నేటికీ ఉంది. పుట్టిన వెంటనే, లేదా వీలైనంత త్వరగా, శిశువు ఎడమ భుజంపై దీనిని ఇస్తారు. ఇతర బాక్టీరియాల వలన వచ్చే మెనింజైటిస్‌ను ఇది నివారించదు.