తేనెటీగలకు దారి వదిలిన లాంగ్‌స్ట్రాత్

అమెరికాలో పెరట్లో తేనెటీగలు పెంచుకునే మనవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. నేనూ ఆ బాపతే. మేము వాడే పెట్టెకు లాంగ్‌స్ట్రాత్ పెట్టె అని పేరు. ఆ పేరు వెనక ఉన్న మనిషి కథ మిత్రులతో పంచుకోవాలనిపించింది.

లొరెంజో లాంగ్‌స్ట్రాత్ 1810లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. యేల్‌లో చదివి, 1831లో పట్టా పుచ్చుకుని, చర్చిలో పాస్టరయ్యాడు. తీవ్రమైన మానసిక కుంగుబాటు ఆయన్ను జీవితాంతం వేధించింది. అది ముదిరినప్పుడల్లా కొలువు వదులుకోవలసి వచ్చేది. తేరుకున్నప్పుడు ఆయనకు తేనెటీగలే తోడు.

ఆ రోజుల్లో ఈగలు తేనెపట్టును పెట్టె గోడలకే అతికించి కట్టేవి. తేనె కావాలంటే కత్తితో కోయాలి. గంధకం పొగ పెట్టి ఈగలను చంపేవాళ్ళూ ఉండేవారు. 1851లో లాంగ్‌స్ట్రాత్ ఒక సంగతి గట్టిగా పట్టుకున్నాడు. సందు మరీ ఇరుకైతే ఈగలు జిగురుతో పూడ్చేస్తాయి. మరీ వెడల్పైతే అందులో అడ్డదిడ్డంగా పట్టు కడతాయి. అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు వదిలితే మాత్రం నడవడానికి దారిగా ఉంచుకుంటాయి. చట్రాలకు చుట్టూ అంత సందు ఉండేలా ఆయన పెట్టె తయారుచేశాడు. ఇక పట్టు చట్రంలోనే ఉంటుంది. పుస్తకంలో పేజీ తిప్పినట్టు తీసి చూసి, మళ్ళీ పెట్టవచ్చు. 1857లో జర్మనీలో మెరింగ్ తయారుచేసిన అచ్చు మైనపు పలక దీనికి తోడై, పట్టు తిన్నగా కట్టించడం సులువైంది.

1852లో పేటెంటు వచ్చింది, మరుసటి ఏడు ఆయన పుస్తకం వెలువడింది. కానీ పెట్టె ఎవరైనా చేసుకోగలిగినంత తేలిక. అందరూ చేసుకున్నారు, ఆయన చేతికి దక్కింది స్వల్పం. కోర్టుల చుట్టూ తిరిగి అలసిపోయాడు. 1858లో ఒహాయోలోని ఆక్స్‌ఫర్డ్ చేరి, కొడుకు జేమ్స్ సాయంతో ఈగలు పెంచాడు. 1870లో ఆ కొడుకు, 1873లో భార్య పోయారు. 1895 అక్టోబరు 6న డేటన్‌లో ప్రసంగ వేదిక మీదే కన్నుమూశాడు.

మన దేశపు చిన్న తేనెటీగకు పెట్టె కొలతలు వేరైనా, చట్రం చుట్టూ దారి వదలడమనే సూత్రం అదే. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన నివసించిన ఇల్లు నేడు జాతీయ చారిత్రక కట్టడం. ఒహాయో వైపు వచ్చే మిత్రులు వీలుచేసుకుని ఒకసారి ఆ వైపు వెళ్ళండి.