లఖ్వాను నుదుటి మీద గుర్తుపట్టిన హకీం అర్‌రాజీ

పొద్దున లేచేసరికి మూతి ఒక పక్కకు పోతుంది. కన్ను మూతపడదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు మన ఇళ్లలో పెద్దవాళ్లు దీన్ని లఖ్వా అంటారు. వెయ్యేళ్ల కిందటే ఈ జబ్బును వివరంగా రాసిపెట్టిన వైద్యుడు అబూ బక్ర్ ముహమ్మద్ ఇబ్న్ జకరియ్యా అర్‌రాజీ.

ఆయన సుమారు 865లో, ఇప్పటి టెహ్రాన్ పక్కనున్న రయ్ పట్టణంలో పుట్టారు. మొదట రయ్‌లో, తర్వాత బగ్దాద్‌లో పెద్ద దవాఖానా బాధ్యత చూశారు. మశూచి వేరు, తట్టు వేరని తేల్చింది ఆయనే. రోగి దగ్గర చూసిందల్లా రాసిపెట్టుకోవడం ఆయన అలవాటు. చివరి రోజుల్లో చూపు పోయింది. 925 ప్రాంతంలో కన్నుమూశారు. ఆ రాతలనే తర్వాత శిష్యులు ‘అల్ హావీ’ గ్రంథంగా కూర్చారు.

మొహం బిగుసుకుపోవడం వేరు, చచ్చుబడడం వేరు అని అందులో రాశారు. నుదుటి ముడతలు పోవడాన్ని కూడా గమనించారు. జబ్బు మెదడులో ఉందా, బయటి నరంలో ఉందా అని విడదీశారు. ఆయన దగ్గర ఏ యంత్రమూ లేదు, ఉన్నవి కళ్లూ చేతులే.

తల నరాలు 12 జతలని ఇప్పుడు తెలుసు. మొహాన్ని కదిలించేది ఏడోది. అది మెదడు నుంచి చెవి ఎముకలోకి వెళ్లే దారిలో వాపు గానీ గడ్డ గానీ ఉంటే ఎంఆర్‌ఐ చూపిస్తుంది. అది అయస్కాంతంతో పనిచేస్తుంది, ఎక్స్‌రే కిరణాలుండవు. అయితే ప్రతి లఖ్వాకూ ఎంఆర్‌ఐ అక్కర్లేదు. నెలలు గడిచినా తగ్గకపోయినా, వినికిడి తగ్గినా, మళ్లీ మళ్లీ వచ్చినా డాక్టర్లు రాస్తారు.

ఇప్పటికీ డాక్టర్ ముందు కనుబొమ్మలు ఎత్తమనే అంటారు. నుదురు కూడా కదలకపోతే సాధారణంగా నరం జబ్బే. నుదురు కదులుతూ మూతి మాత్రమే వంకరపోతే మెదడులో స్ట్రోక్ కావచ్చు. ఈ తేడా ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు. వెంటనే దవాఖానాకు పోవాలి. స్ట్రోకయితే ప్రతి నిమిషమూ విలువైనదే. నరం జబ్బయితే మందు మూడు రోజుల్లోపు మొదలుపెడితే మేలు.

‘అల్ హావీ’ అరబీ మూలాన్ని 1955 నుంచి సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్. మొదటి సంపుటమే తల జబ్బుల గురించి. అంతటి పుస్తకం మన దగ్గరే అచ్చయింది. అయినా మూతి వంకరపోతే పసరు మందుల కోసం తిరుగుతూ ఆ మూడు రోజులూ పోగొట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అర్‌రాజీ పేరు తలుచుకునేవాళ్లు ముందు ఆ అలవాటు మానాలి.