మహావీరాచార్యుడు

వర్గ సమీకరణము దూరదేశములనుండి వచ్చిన విద్యయని మన విద్యార్థులలో అనేకులు తలంతురు. అట్టివారు మహావీరాచార్యుని చరిత్రము నెఱుగుట మేలు.

ఈ మహనీయుడు జైనుడు. క్రీ. శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్షుని కాలమున వర్ధిల్లెను. ఆ చక్రవర్తి రాజధానియైన మాన్యఖేటము నేడు కర్ణాటకములోని మల్ఖేడ్ అను ఊరు. 1956 వఱకు ఆ ఊరును మన కొల్లాపూరును ఒక్క హైదరాబాదు రాష్ట్రములోనే యుండెను.

ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు తమ జ్యోతిష గ్రంథములలో గణితమునకు కొన్ని అధ్యాయములు మాత్రమే యిచ్చిరి. మహావీరుడు గణితమునకే ప్రత్యేకముగా గణితసారసంగ్రహమను సంస్కృత గ్రంథమును పద్యములలో రచించెను. అందు మందలు, పక్షులు, పువ్వులు మొదలగు వానితో ప్రశ్నలు కల్పించెను.

ఆ రీతిని మనమొక ప్రశ్న వేసికొందము. ఒక గొఱ్ఱెల మందలో సగము అడవిలో మేయుచున్నవి. మంద సంఖ్యయొక్క వర్గమూలమునకు మూడు రెట్లు కృష్ణ యొడ్డున నున్నవి. మిగిలినవి 8. మంద యెంత? వర్గమూలమును య అనుకొనిన, య వర్గము 6యకు 16 కలిపిన దానికి సమానము. తరగతిలో మనము దీనిని య-8, య+2 అను కారణాంకములుగా విడదీయుదుము. మహావీరుని మార్గము వేఱు. 6లో సగము 3. దాని వర్గము 9. దానికి 16 చేర్చగా 25. దాని మూలము 5. దానికి 3 కూడగా 8. కావున మంద 64. కారణాంకములు తోచనప్పుడును ఈ వర్గపూరణ మార్గము మనలను విడువదు. రెండవ మూలమగు -2 మందకు పొసగదు.

ఋణసంఖ్య స్వభావముచేతనే వర్గము కాదనియు, కావున దానికి వర్గమూలము లేదనియు ఆయన స్పష్టముగా జెప్పెను. తన దారి యెచ్చట నాగినదో దాచలేదు. అట్టి మూలములను 1545లో ఇటలీ దేశీయుడగు కార్డానో తన గ్రంథమున లెక్కలో వాడి చూపెను.

పదునొకండవ శతాబ్దమున, రాజరాజ నరేంద్రుని కాలమున, శైవుడగు పావులూరి మల్లన ఈ గ్రంథమును తెనిగించి మనవారికి గణితమును మాతృభాషలో నందించెను. 1912లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యులగు రంగాచార్యులవారు మూలమును ఆంగ్లానువాదముతో ప్రకటించిరి.

జైనుడు వ్రాసెను, శైవుడు తెనుగు చేసెను, క్రైస్తవ పాఠశాలలో మనము చదువుచున్నాము. సకల జ్ఞానమును దేవుని వరమే. బాలబాలికలారా! లెక్క చిక్కుపడినప్పుడు పలక తుడిచి లేచిపోక, మఱియొక మార్గమున సాధింపుడు.