రెండు జోళ్లను ఒక జోడు చేసిన ఫ్రాంక్లిన్

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం రాసి ఇవ్వమని కార్యదర్శిగారు ఆదేశించారు. మన దేశ నాయకుల గురించి రాయడానికి నాకంటె అర్హులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత మనందరి ముక్కుమీదా కూర్చున్న కళ్లజోడుతో సంబంధం ఉన్న ఒక పెద్దమనిషిని ఎంచుకున్నాను. ఆయన అమెరికా దేశస్థుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్.

ఎందుకు ఆయనే అంటే, కారణం మనవి చేస్తాను. నాకు నలభై మూడో ఏట చత్వారం వచ్చింది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ మధ్యలో గీత ఉన్న బైఫోకల్ అద్దాలతోనే ఫైళ్లు నడిపాను. కిందటి ఏడాది మా అబ్బాయి పట్టుబట్టి గీత లేని ప్రోగ్రెసివ్ అద్దాలు వేయించాడు. పెట్టుకున్న మొదటి రోజే మేడమెట్లు దిగుతూ, ఇంకా ఒక మెట్టు ఉండగానే నేల వచ్చేసిందనుకుని అడుగు వేశాను. కమ్మీ చేతికి అందబట్టి సరిపోయింది. మా ఆవిడ ఆ జోడు బీరువాలో పెట్టి తాళం వేసేసింది. మన సంఘం మినిట్సు పన్నెండేళ్లుగా నేనే రాస్తున్నాను. పాత జోడుకు పవర్ చాలడం లేదు. మాట్లాడేవారి ముఖం తెలిస్తే కాగితం తెలియదు, కాగితం తెలిస్తే మనిషి తెలియడు. ఇక పుస్తకం అప్పగించేద్దామనుకున్నాను. ఆ దిగులులో ఉండగా ఫ్రాంక్లిన్ జీవితం చదివాను.

ఆయన 1706 జనవరి 17న బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి సబ్బులు, కొవ్వొత్తులు చేసి అమ్మేవాడు. పదిహేడుగురు సంతానంలో ఈయన పదిహేనోవాడు. బడి చదువు రెండేళ్లే. పన్నెండో ఏట అన్నగారి అచ్చాఫీసులో పనికి కుదిరి, అన్న పెట్టే బాధలు పడలేక పదిహేడో ఏట ఫిలడెల్ఫియాకు పారిపోయాడు. అక్కడ సొంత ముద్రణాలయం, పత్రిక, పంచాంగం, చందాదారుల గ్రంథాలయం ఒకదాని వెంట ఒకటి నెలకొల్పాడు. మనం యాభై ఎనిమిదికి రిటైరైతే ఆయన నలభై రెండుకే వ్యాపారం భాగస్వామికి అప్పగించి తీరిక చేసుకున్నాడు. గాలిపటంతో పిడుగులోని విద్యుత్తును పరీక్షించిన కథ, 1752 నాటిది, మన పిల్లల పాఠ్యపుస్తకాల్లోనే ఉంది గనుక మళ్లీ చెప్పను.

మనకు దగ్గరగా ఉన్నది ఆయన ఉద్యోగం. 1753లో బ్రిటిష్ వారు ఆయనను అమెరికా వలసల తపాలా శాఖకు ఇద్దరు అధిపతులలో ఒకరిగా నియమించారు. ఆయన స్వయంగా తపాలా కచేరీలు తిరిగి తనిఖీ చేశాడు, లెక్కలు సరిచేయించాడు, రాత్రిళ్లు కూడా టపా నడిపించాడు. నష్టాల్లో ఉన్న శాఖ లాభం చూపింది. అయినా 1774 జనవరిలో లండన్‌లో నిండు సభలో నిలబెట్టి అవమానించి, వెంటనే ఉద్యోగం తీసేశారు. అప్పటికి ఆయన వయసు అరవై ఎనిమిది. మనలో చార్జిమెమో అందుకున్నవారికి ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

మరెవరైనా అయితే అంతటితో ఇంట్లో కూర్చునేవారు. ఆయన 1776లో స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసి, డెబ్బై ఏళ్ల వయసులో ఓడెక్కి ఫ్రాన్సు వెళ్లాడు. 1778లో ఆ దేశంతో సంధి కుదిర్చాడు. 1783లో ఇంగ్లండుతో శాంతి ఒప్పందం మీద కూడా ఆయన సంతకం ఉంది.

కళ్లజోడు సంగతి ఆ ఫ్రాన్సు కాలానిదే. ఆయన వద్ద చదవడానికి ఒక జోడు, దూరం చూడడానికి ఒక జోడు ఉండేవి. ప్రయాణంలో చదువుతూ మధ్యలో దారి పక్క దృశ్యాలు చూడాలంటే మాటిమాటికీ జోడు మార్చవలసి వచ్చేది. దానితో విసుగెత్తి, రెండు రకాల అద్దాలనూ సగానికి కోయించి, దూరపు ముక్క పైన, దగ్గర ముక్క కింద ఒకే చట్రంలో బిగించాడు. 1785 మేలో లండన్‌లోని పాత స్నేహితుడు జార్జ్ వాట్లీకి ఈ సంగతి వివరంగా ఉత్తరం రాశాడు. అందులో నాకు బాగా నచ్చినది భోజనాల బల్ల విషయం. ఫ్రెంచి భాష ఆయనకు చెవికి పూర్తిగా పట్టుబడలేదు. కొత్త జోడుతో కంచంలోదీ కనిపించేది, ఎదుట మాట్లాడేవారి ముఖ కవళికలూ కనిపించేవి. పెదవులు చూస్తే మాట బాగా అర్థమయ్యేదట. ఈ జోడు మొదట చేసింది ఆయనేనా, అంతకుముందే లండన్ పనివారు చేశారా అన్నదానిపై పండితులలో భేదాభిప్రాయం ఉంది. తాను పెట్టుకుని, బాగుందని లోకానికి చెప్పింది మాత్రం ఆయనే.

నచ్చనివీ ఉన్నాయి. చాలాకాలం ఇంట్లో బానిసలను ఉంచుకున్నాడు. చివరి రోజుల్లో మనసు మార్చుకుని బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో కాంగ్రెసుకు అర్జీ పంపాడు. కొడుకు విలియం ఇంగ్లండు రాజు పక్షాన ఉండిపోయాడని మాత్రం చచ్చేదాకా క్షమించలేదు. 1785లో తిరుగు ప్రయాణంలో సౌతాంప్టన్‌లో కలిసినప్పుడు కూడా ఆస్తి కాగితాల పని తప్ప మనసు విప్పిన మాట లేదు. ఎనభై ఒకటో ఏట, మూత్రాశయంలో రాయితో బాధపడుతూనే రాజ్యాంగ సభకు హాజరైన మనిషి ఈ ఒక్క పని ఎందుకు చేయలేకపోయాడో నాకు అంతుపట్టదు. 1790 ఏప్రిల్ 17న ఎనభై నాలుగో ఏట పోయాడు.

గీత లేని ప్రోగ్రెసివ్ అద్దం 1959లో ఫ్రాన్సులోనే బెర్నార్డ్ మైత్నాజ్ చేతిమీదుగా బజారుకు వచ్చింది. ఇందులో పవర్ పైనుంచి కిందికి క్రమంగా పెరుగుతుంది. కింది పక్క మూలల్లో మాత్రం మసకగా ఉంటుంది. ఉత్తరం చదివిన మర్నాడు మా ఆవిడ దగ్గర తాళం అడిగి తీసుకుని, జోడు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. నల్లగుడ్డు మధ్యభాగం అద్దంలో ఎంత ఎత్తున వస్తుందో మొదట కొలిచినవారు తప్పు కొలిచారట. మళ్లీ కొలిచి అద్దాలు మార్చి ఇచ్చారు. పక్కకు చూడాలంటే కన్ను కాదు తల తిప్పాలి, మెట్లు దిగేటప్పుడు గడ్డం బాగా దించి పై అద్దంలోంచి అడుగు చూసుకోవాలి అని అక్కడి కుర్రాడు ఓపికగా చెప్పాడు. మొదటి వారం తల తిరిగింది. మూడో వారానికి అలవాటైంది. మెట్ల దగ్గర కమ్మీ మాత్రం ఇప్పటికీ వదలను.

మొన్నటి సర్వసభ్య సమావేశం మినిట్సు నేనే రాశాను.