వేలంలో కొన్న ఓడ డొల్ల: జ్యోతిరింద్రనాథ్ ఠాగూర్ నదీయానం

కోల్‌కతాలో హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఖిదిర్‌పూర్‌కు ఓడలతో తరతరాల అనుబంధం ఉంది. 18వ శతాబ్దం చివరి నాటికే అక్కడ నౌకా నిర్మాణం సాగింది. 1831లో అక్కడ తయారై, చైనాకు నల్లమందు చేరవేసిన వాటర్ విచ్ అనే తెరచాప ఓడలో ప్రసిద్ధ వ్యాపారి ద్వారకానాథ్ ఠాగూర్‌కు వాటా ఉండేది. ఆయన 1846లో కన్నుమూశారు. తాతగారి నౌకా వ్యాపారాన్ని చూసే అవకాశం లేని మనవడొకరు, దాదాపు నాలుగు దశాబ్దాల తరువాత అదే నదిలో ఓడలు నడిపేందుకు పూనుకున్నారు. ఆయనే జ్యోతిరింద్రనాథ్ ఠాగూర్.

జ్యోతిరింద్రనాథ్ 1849 మే 4న జోడాసాంకోలో జన్మించారు. మహర్షి దేవేంద్రనాథ్ ఠాగూర్ కుమారుడైన ఆయన, విశ్వకవి రవీంద్రనాథ్‌కు పన్నెండేళ్లు పెద్ద. నాటక రచన, సంగీతం, చిత్రలేఖనం ఆయనకు ప్రాణం. తమ్ముడిలోని కవిని గుర్తించి ప్రోత్సహించిన అన్నగా సాహిత్య లోకం ఆయనను స్మరిస్తుంది. స్వదేశీ వస్తువులు తయారు కావాలన్న తపన కూడా ఆయనకు యౌవనం నుంచే ఉండేది. ఆయన చుట్టూ చేరిన యువకులు అగ్గిపెట్టెలు, మగ్గాలతో ప్రయోగాలు చేశారు. అవి నిలబడలేదు.

ఒకనాడు పత్రికలో ప్రకటన చూసి వేలానికి వెళ్లిన జ్యోతిరింద్రనాథ్, ఏడు వేల రూపాయలకు ఓడ డొల్లను కొని ఇంటికి వచ్చారు. అందులో ఇంజను లేదు, గదులు లేవు. వాటిని అమర్చితే స్టీమరు సిద్ధమవుతుందని ఆయన అంచనా. నౌకా వ్యాపారంలో ఆయనకు అనుభవం లేదు. చవకగా వచ్చిన డొల్లను నడిచే ఓడగా మార్చడానికే అసలు ఖర్చని తెలిసేసరికి వెనుదిరిగే వీలు లేకపోయింది.

1884 ఏప్రిల్‌లో ఆయన భార్య కాదంబరీ దేవి మరణించారు. ఆ మరుసటి నెలలోనే తొలి స్టీమరు ప్రయాణమైంది. తాను రచించిన నాటకం పేరునే ఆయన దానికి సరోజిని అని పెట్టుకున్నారు. ఆ తరువాత వంగలక్ష్మి, స్వదేశీ, భారత్, లార్డ్ రిప్పన్ ఒకటొకటిగా వచ్చి చేరాయి. ఖుల్నా, బరిసాల్ పట్టణాల మధ్య నదీ మార్గంలో అవి ప్రయాణికులను చేరవేశాయి.

ఆ మార్గంలోనే ఫ్లోటిల్లా అనే బ్రిటిష్ కంపెనీ స్టీమర్లు నడిచేవి. ఇరుపక్షాల మధ్య పోటీ ముదిరింది. ఛార్జీలు తగ్గుతూ పోయాయి. మన ఓడలోనే ఎక్కండని బరిసాల్ యువకులు రేవులో నిలబడి ప్రయాణికులను బతిమాలేవారు. చివరికి టిక్కెట్టు లేకుండా ఎక్కించుకోవడమే కాదు, ఎక్కినవారికి ఫలహారం కూడా పెట్టే స్థితి ఏర్పడింది. ఓడ నిండేది, పెట్టె నిండేది కాదు. దేశాభిమానం ప్రయాణికులను తెచ్చింది గానీ బొగ్గు ఖర్చును తీర్చలేకపోయింది.

అంతలో సరుకుతో వస్తున్న స్వదేశీ స్టీమరు హావ్‌డా వంతెనను ఢీకొని మునిగిపోయింది. దానితో జ్యోతిరింద్రనాథ్ నౌకా వ్యాపారానికి తెరపడింది. 1892లో ఖిదిర్‌పూర్‌లో భారీ డాక్ ప్రారంభమయ్యే నాటికి ఆయన చేతిలో ఒక్క ఓడ కూడా లేదు.

అనంతరం ఆయన తనకు బాగా తెలిసిన సాహిత్యం వైపు మళ్లారు. సంస్కృత నాటకాలను, ఫ్రెంచి రచనలను, బాలగంగాధర తిలక్ గీతారహస్యాన్ని వంగభాషలోకి అనువదించారు. చివరి సంవత్సరాలు రాంచీలోని మొరాబాదీ కొండపై గడిపి, 1925 మార్చి 4న అక్కడే కన్నుమూశారు.

ఈ నష్టం అన్నగారిది, లాభం దేశానిదని రవీంద్రనాథ్ తన స్మృతులలో భావించారు. చరిత్ర కూడా ఆ మాటకు కొంత బలమిస్తుంది. 1906లో తూత్తుకుడిలో వి. ఓ. చిదంబరం పిళ్లై స్వదేశీ నౌకా సంస్థను స్థాపించారు. ఆయనకూ ఎదురైనది అదే ఛార్జీల పోరు. 1948 మార్చి 14న విశాఖపట్నంలో జల ఉష నౌక జలప్రవేశం చేసే నాటికి మాత్రం దేశం స్వతంత్రమైంది. ఒక వ్యక్తి సొంత ధనంతో మోయలేకపోయిన భారాన్ని మోయడానికి అప్పటికి ఒక ప్రభుత్వం ఉంది.