క్రూరత్వానికి వ్యతిరేక పదం

క్రూరత్వానికి వ్యతిరేక పదం రాయమంటే ‘దయ’ అని రాసి బడిలో మార్కు తెచ్చుకున్నవాళ్ళమే మనమంతా. కరుణ, జాలి, కనికరం... తెలుగులో ఇలాంటి మాటలకు కొదవ లేదు. పులికాట్ ఒడ్డున మా పల్లెల్లో ఎద్దులకు మేత వెయ్యనిదే రైతు కంచం ముందు కూర్చోడు. అదీ కనికరమే. కానీ ఎద్దు మీద కనికరం చూపిన ఊళ్ళే సాటి మనిషిని గుడి గడప అవతల నిలబెట్టిన కాలం ఒకటుంది. ఆ కాలంలో ఈ మాటకు తన బతుకుతో అర్థం చెప్పినవాడు అమరజీవి పొట్టి శ్రీరాములు.

ఆయన పేరు మాకు కొత్తది కాదు. 2008లో నెల్లూరు జిల్లాకు ఆయన పేరు పెట్టారు. 2022లో సూళ్ళూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో కలిసేదాకా మా ఊరి చిరునామాలో అది ఉండేది. పేరు రాస్తూ వచ్చామే గాని మనిషిని తెలుసుకున్నది తక్కువ.

శ్రీరాములు 1901 మార్చి 16న మద్రాసులో పుట్టాడు. బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి రైల్వేలో ఉద్యోగం చేశాడు. భార్యా బిడ్డా పోయారు. అంత దుఃఖం మీద పడితే ఎవరైనా తమ గురించే ఏడుస్తారు. ఆయన ఉద్యోగం వదిలి గాంధీగారి సబర్మతి ఆశ్రమానికి వెళ్ళాడు, తర్వాత జైళ్ళకూ వెళ్ళాడు.

నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహార దీక్ష పట్టి సాధించాడు. 1946-48 నడుమ ఇలాంటి దీక్షలు మూడు చేశాడు. వారానికి ఒకరోజైనా కలెక్టర్లు హరిజనుల బాగోగులు చూడాలని మద్రాసు ప్రభుత్వం ఆదేశించింది ఆ దీక్షల వల్లనే. అంటరానితనం పోవాలని అట్టల మీద రాసి, వాటిని ఒంటికి తగిలించుకుని, కాళ్ళకు చెప్పుల్లేకుండా, నెత్తిన గొడుగు లేకుండా ఎండలో తిరిగేవాడు.

నేను సైన్సు విద్యార్థిని. తిండి లేని ఒంట్లో ముందు కాలేయంలో దాచుకున్న చక్కెర అయిపోతుంది. తర్వాత కొవ్వు, కడకు కండ కరుగుతుంది. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలుపెట్టిన దీక్షలో ఆ ఒళ్ళు అలాగే కరిగి, డిసెంబరు 15న ప్రాణం పోయింది. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది.

తన ఒంటిని అలా హింసించుకోవడం మాత్రం క్రూరత్వం కాదా అని నాకూ అనిపించింది. కానీ ఆయన ఎదుటివాడి మీద చెయ్యి ఎత్తలేదు, పక్కవాడి బాధను చూసి ఊరుకోనూ లేదు. ఆ రెంటి మధ్య మిగిలిన దారి అదే అని ఆయన నమ్మాడు.

రాష్ట్రం తెచ్చినవాడని ఆయన విగ్రహాలకు దండలు వేస్తున్నాం, మంచిదే. మూలాపేట గుడి ముందు ఆకలితో కూర్చున్న మనిషిని మాత్రం మరిచిపోతున్నాం. మిత్రులారా, మన హాస్టల్లో, మన ఊళ్ళో పక్కన కూర్చున్నవాడి కులం అడగకుండా కంచం పంచుకోగలిగితే, మనం బడిలో రాసిన ఆ ‘దయ’ అనే జవాబుకు అప్పుడు నిజంగా మార్కు పడుతుంది.